చెల్లు దెబ్బ

పాతినుము యార్డులో సమ్మెట పట్టిన ఆడమనిషి ఇనపక్క ఒక్కతే. తక్కిన ఆడవాళ్ళు గోడ వార కూర్చుని కరెంటు వైర్ల తోలు వొలిచి రాగి తీగ తీసేవాళ్ళు. ఈవిడ మాత్రం మగవాళ్ళ ముఠాలో నిలబడి పాత ఇంజన్లను ముక్కలు చేసేది. ఆవిడ దెబ్బ పడితే పక్క సందులో అటక మీది గిన్నెలు గలగలమనేవి. అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది, కన్నవాళ్ళు ఏదో ఒకటి పెట్టకుండా ఉంటారా! దాన్ని అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ చాల్లేదు. పండు ముసలి దగ్గర్నుంచి నిన్నగాక మొన్న మాటలు నేర్చిన పిల్ల దాకా అందరికీ ఆవిడ ఇనపక్కే.

కోపం ముక్కు మీద ఉంటుంది అంటారు చూశారా, ఈవిడకు అంత దూరం కూడా కాదు, అరచేతిలోనే ఉండేది. ఒకసారి క్రేన్ డ్రైవరు ఆవిణ్ణి చూసి ఈల వేశాడు. కాలు పట్టుకుని మెట్ల మీంచి కిందికి లాగింది. అతని ముందు పళ్ళు రెండూ ఇనుప తుక్కులో ఎక్కడో కలిసిపోయాయి. "వెతుక్కో, దొరికితే పెట్టించుకో" అని తన పని తాను చూసుకుంది. ఆ తర్వాత పాపం అతను ఎంత సరదాపడి ఊదినా గాలే తప్ప ఈల వచ్చేది కాదు.

ఎడమ చెవి పైన ఆవిడకు అరచేయంత మేర జుట్టు లేదు. చిన్నప్పుడు ఇంటి పని ఎగ్గొట్టి బళ్ళో కూర్చుంటే తండ్రి వచ్చి జుట్టు పట్టుకున్నాడట. పిల్ల బెంచీ కాలిని వాటేసుకుంది. తండ్రి లాగాడు, పిల్ల వదల్లేదు, జుట్టే ఊడి అతని గుప్పిట్లోకి వచ్చింది. నెత్తురు కారుతున్న తలతోనే గడప దాటించాడు. చదువు అంతటితో సరి. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా ఆవిడ తండ్రిని ఒక్క మాట అనేది కాదు. "మా నాన్నకేం తెలుసు! ఆ పంతులున్నాడే, వాడి మీదే నా కసి. చేతిలో అంత లావు బెత్తం పెట్టుకుని గుడ్లప్పగించి చూశాడు. పిల్లల మీద లేచే బెత్తం మా నాన్న మీద ఎందుకు లేవలేదు?" అనేది. అడగాల్సిన ప్రశ్నే. దానికి ఆవిడ వెతుక్కున్న జవాబే కొంప ముంచింది.

యార్డు గోడకు ఆనుకుని చక్రాలు ఊడదీసిన బస్సొకటి పడి ఉండేది. ఒక రోజు సన్నగా, అద్దాలు పెట్టుకుని, గట్టిగా తుమ్మితే పడిపోయేలా ఉన్న అమ్మాయి వచ్చి, యజమానిని బతిమాలి, ఆ బస్సులో బడి పెట్టింది. సీట్లు పీకించి చాపలు పరిచింది. నల్లబల్ల మోసిపెట్టడానికి ఇనపక్కను పిలిచారు. ఒంటి చేత్తో ఎత్తి లోపల పెట్టి చూసుకుంటే, అంత బస్సులో పిల్లలు ఒక మూలకు కూడా సరిపోవడం లేదు.

"మిగతా పిల్లలేరి టీచరమ్మా?"

"పనికి పంపుతున్నారక్కా. ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాను. అందరూ తల ఊపుతారు, ఎవరూ పంపరు."

"నువ్వు చెప్తే ఏం వింటారు! ఉండు, నేను చెప్పొస్తా."

ఇక చూడండి. మర్నాడు పొద్దున్నే తూకం వేసేవాడి ఇంటికి వెళ్ళింది. అతని కూతురు డబ్బాలు నలగ్గొడుతోంది. తండ్రి మంచం మీద టీ తాగుతున్నాడు. "పిల్లని బడికి పంపు" అంది. "చూద్దాంలే అక్కా" అన్నాడు. మంచాన్ని మనిషితో సహా ఎత్తి కుదేసింది. అతను నేల మీద, టీ అతని మీద. లేవబోతుంటే డొక్కలో తన్నింది. "నీ మంచికేరా! నీ మంచికే కొడుతున్నా!" అంటూ పిల్లను చంకనేసుకుని వచ్చి బస్సెక్కించింది. బ్యాటరీలు పగలగొట్టేవాడు కొడుకును పంపనంటే, మెడ పట్టుకుని నీళ్ళ డ్రమ్ములో తల ముంచింది. బుడగలు వచ్చాయి. పైకి తీసి, "పంపుతావా?" అంది. ఇంకోసారి ముంచింది. ఈసారి అడక్కముందే పంపుతానన్నాడు. లారీ క్లీనరు కత్తి తీశాడు. ఆ కత్తి లాక్కుని పారేసి, అతని చూపుడు వేలు వెనక్కి విరిచింది. విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించింది.

బస్సు నిండింది! కిటికీల్లోంచి కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూర్చునేంతగా నిండింది. ఇనపక్క పొద్దున్నే వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఎవరు రాలేదో చూసుకుని, సమ్మెట భుజాన వేసుకుని బయల్దేరేది. ఆవిడ సందులోకి తిరిగిందంటే చాలు, తండ్రులు పిల్లల్ని గుమ్మంలోంచి బయటికి నెట్టేసి తలుపులు వేసుకునేవాళ్ళు. నవ్వు రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి! యార్డు వాళ్ళం మేమంతా నవ్వాం. టీచరమ్మ కూడా మొదట్లో సంబరపడింది. తర్వాత్తర్వాత, "అక్కా, కొట్టకుండా అవదా?" అని నసిగింది.

"కొట్టకుండా అయ్యేదైతే నువ్వే చేసేదానివిగా" అంది ఇనపక్క.

బస్సులో అందరికన్నా చురుకైన పిల్ల మిడత. పొడుగు కాళ్ళు, పీల చేతులు, ఒక చోట నిలవదు, అందుకని ఆ పేరు. ఒకసారి చెప్తే చాలు, చెప్పినావిడకే తిరిగి అప్పజెప్పేది. చిన్నపిల్లలకు లెక్కలు నేర్పే పని కూడా టీచరమ్మ దానికే ఇచ్చింది. ఊరి చివర సర్కారు హాస్టల్ బడి ఒకటుంది. పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటే పెద్ద చదువు దాకా తిండీ బట్టా పుస్తకాలూ వాళ్ళవే. పరీక్ష వేసవి ముందర. "ఇది రాస్తే వస్తుంది. ఇది ఇక్కణ్ణుంచి బయట పడుతుంది" అని టీచరమ్మ అందరితోనూ చెప్పింది. ఇనపక్క ఆ పిల్లను చూసే చూపే మారిపోయింది. అన్నం తిన్నావా అని అడిగేది, ఎవరినీ ఎప్పుడూ అడగని మనిషి!

మిడత తండ్రి యార్డులో గ్యాస్ కట్టరు. మంట పెట్టి ఇనుప ప్లేట్లు కోసి, మోసేవాడు. మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. తల్లి, కూతురు ఇంట్లో తీగ వొలిచేవాళ్ళు. హాస్టలు మాట చెవిన పడగానే అతను అడ్డం తిరిగాడు. "హాస్టలూ లేదు, గీస్టలూ లేదు. దాని వేళ్ళు సన్నం. తీగ దానిలా ఎవరు వొలుస్తారు?" అని కూతుర్ని బడి మాన్పించాడు.

ఆ మాట ఇనపక్కకు మధ్యాహ్నం తిండి వేళ తెలిసింది. ముఠా అంతా డబ్బాలు తెరుచుకుని కూర్చుంది. ఆవిడ నేరుగా కట్టరు ముందుకు వెళ్ళింది. "లేచి నిలబడు" అంది. లేచాడు. లాగి ఒక్కటిచ్చింది. అతను గిరగిరా తిరిగి, కోసిన ప్లేటు ముక్కల గుట్ట మీద బోర్లా పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది, గడ్డం పగిలింది. "నీ మంచికేరా! రేపు పిల్ల బస్సులో కనపడాలి!" అంది. ముఠా డబ్బాలు పట్టుకుని పడీ పడీ నవ్వింది. ఎంగిలి నోళ్ళతో నవ్వింది.

ఇక్కడ యార్డు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. బరువైన ప్లేటును ఇద్దరు చెరో కొసా పట్టి మోస్తారు. అప్పుడెప్పుడో ఒకడు, తనను నలుగురిలో కొట్టినవాడి మీద పగ పట్టి, నడుస్తూ నడుస్తూ తన కొసను వదిలేశాడు. అవతలివాడి కాళ్ళు రెండూ పోయాయి. అప్పటినుంచీ ముఠా కట్టుబాటు ఇది: నలుగురిలో దెబ్బ తిన్నవాడు ఆ నలుగురిలోనే తిరిగి కొట్టాలి. దాన్ని చెల్లు దెబ్బ అంటారు. అది తీసుకునేదాకా వాడితో ఎవరూ ప్లేటు పట్టరు. అడిగినా ఇవ్వనని కొట్టినవాడు మొండికేస్తే, వాడికీ జోడీ దొరకదు. చెల్లయ్యాక మాత్రం ఇద్దరూ పగ మర్చిపోయి ప్లేటు ఎత్తాల్సిందే. మోటు పద్ధతే. కానీ ఆ తర్వాత యార్డులో ఎవరి కాళ్ళూ పోలేదు.

ఇనపక్క చేతి దెబ్బలు తిన్నవాళ్ళు అంతకుముందూ ఉన్నారు. అవన్నీ ఇళ్ళల్లో తిన్నవి, క్రేన్ వాడికి ప్లేటు మోసే పని లేదు, కాబట్టి గుట్టుగా మింగేశారు. కట్టరు తిన్నది ముఠా ముందు. మరి ఆడదాన్ని చెల్లు అడగడమెలా? అడిగితే నవ్వుతారు. అడక్కపోతే జోడీ లేదు. మర్నాడు అతను ప్లేటు ఒక కొస పట్టి నిలబడితే రెండో కొస దగ్గరికి ఎవరూ రాలేదు. రెండు మూడు రోజులు అలాగే ఒక్కడూ నిలబడి, ఇంటి దారి పట్టాడు. ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడి చేతులు ఊరుకుంటాయా!

పిల్ల మాత్రం బస్సులో కనపడింది. ఇనపక్క చంకలు గుద్దుకుంది.

ఒక పొద్దున ఆవిడ నీళ్ళ క్యాను ఇవ్వడానికి బస్సెక్కింది. టీచరమ్మ ముందు వరస పిల్లలతో ఉంది. వెనక మిడత చిన్నపిల్లలకు కూడికలు నేర్పుతోంది. బ్యాటరీ వాడి కొడుకు, పాలపళ్ళు కూడా ఊడని బుడ్డోడు, తప్పు చెప్పాడు. మిడత ఇనుప స్కేలు తీసి వాడి చెవి మీద కొట్టింది. వాడు ఏడిచాడు. ఇంకోటి కొట్టింది. వాడు చాప మీద ముడుచుకుపోయాడు. పిల్ల ఆగలేదు. పళ్ళు బిగబట్టి, స్కేలు పైకెత్తి, మళ్ళీ మళ్ళీ దించుతూ, "నీ మంచికేరా! నీ మంచికే కొడుతున్నా!" అంటోంది. బుడ్డోడి చెవి తమ్మె తెగి మెడ మీదికి నెత్తురు కారింది.

ఇనపక్క చేతిలో క్యాను జారి పడింది. ఒక్క అంగలో వెళ్ళి మిడత మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నదో లేదో, పిల్ల రెండో చెయ్యి తల మీద అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. భుజం దాకా వాతలు, కొన్ని పాతవి, కొన్ని ఇంకా తడారనివి.

"ఎవరే కొట్టింది?"

"అమ్మ."

"అమ్మెందుకు కొట్టింది?"

"నాన్న అమ్మని కొట్టాడుగా."

"వాడెందుకు..." అంటూనే ఇనపక్క ఆగిపోయింది.

"నువ్వు నాన్నని కొట్టావుగా అక్కా" అంది మిడత. దాని గొంతులో నిష్ఠూరం కూడా లేదు, కూడిక చెప్పినట్టే చెప్పింది. "నువ్వు కొట్టిన్నాడు అందరికీ వరసగా పడతాయి. మా ఇంట్లో నాకన్నా చిన్నవాళ్ళెవరూ లేరు. అందుకని వీణ్ణి కొట్టా."

తూకం వాడి కూతురు లేచి, వెనక్కి తిరిగి, చొక్కా పైకెత్తి వీపు చూపించింది. క్లీనరు కొడుకు తన వేలు చూపించాడు. అది తండ్రి వేలు విరిగిన చోటే విరిగి వంకరగా అతుక్కుంది. ఇంకొకడు నోరు తెరిచి విరిగిన పన్ను చూపించాడు. ఒకరి తర్వాత ఒకరు, ఎవరూ అడక్కుండానే, చూపిస్తూ పోయారు. బస్సు నిండా ఆవిడ దెబ్బలే. ఆవిడ నింపిన బస్సే.

ఇనపక్క ఎలా బస్సు దిగిందో ఆవిడకే తెలీదు. గోడ పక్కన కూర్చుని తన కుడిచేతిని చూసుకుంటూ ఉండిపోయింది. టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నాకు ముందే తెలిసింది అక్కా. బస్సు ఖాళీ అవుతుందని నోరు మూసుకున్నా" అంది. చెప్పి ఏడ్చింది. ఇనపక్క ఆమెను తిట్టలేదు. ఆవిడ తిట్టకుండా వదిలేసిన మనిషిని మేం చూడ్డం అదే మొదలు.

పరీక్ష దగ్గర పడుతుండగా మిడత మళ్ళీ కనపడలేదు. ఇనపక్క పాత అలవాటు చొప్పున సమ్మెట భుజాన వేసుకుని లేచింది. కట్టరు ఇంటి తలుపు తోసింది. అతను లేడు. తల్లి గుమ్మం పక్కనే తీగ వొలుస్తోంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. మిడత లోపల గదిలో, గొళ్ళెం అవతల.

"ఏడే వాడు? ఇవాళ వాణ్ణి..."

"ఏం చేస్తావక్కా?" తల్లి లేచి నిలబడింది. "కొడతావా? కొడితే చంపెయ్. చచ్చేదాకా కొట్టు, నేను అడ్డం రాను. చంపలేకపోతే ముట్టుకోకు. నువ్వు సగం కొట్టి వెళ్ళిపోతావు, మిగతా సగం నేను తింటున్నా."

ఇనపక్క సమ్మెట కిందికి దించింది.

"నలుగురిలో పరువు పోయి, పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. పరీక్షకి వెళ్తే దాని వేళ్ళు రాయి మీద పెట్టి నలగ్గొడతానన్నాడు. అన్నాడంటే చేస్తాడు."

"అయితే నన్నేం చెయ్యమంటావే?"

"నువ్వు మా ఇంటికి తెచ్చిన దెబ్బ నువ్వే పట్టుకుపో" అంది తల్లి. అని, కూర్చుని, మళ్ళీ తీగ అందుకుంది.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం తిండి వేళ ఇనపక్క యార్డు మధ్యలోకి వచ్చి నిలబడింది. కట్టరుకు కబురు పంపించింది. అతను వచ్చాడు, మాసిన గడ్డంతో, ఎవరి కళ్ళల్లోకీ చూడకుండా. ముఠా మేస్త్రీ ముసలాయన. కట్టుబాటు తప్పనివ్వడు.

"మేస్త్రీ, వీడికి నా దగ్గర చెల్లు రావాలి. వీడు అడగడు. నేనే ఇస్తున్నా."

ముఠాలో గుసగుసలు. "ఆడదాన్ని ఎలా కొట్టమంటావే?" అన్నాడు మేస్త్రీ.

"నేను కొట్టిన్నాడు ఆడదాన్నని ఎవరికైనా గుర్తొచ్చిందా? పగలబడి నవ్వారుగా! కొట్టమను. కొట్టాక పిల్లని పరీక్షకి పంపాలి."

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "చెల్లుకి షరతులుండవు. ఇస్తే ఇవ్వు, లేకపోతే పో."

ఆవిడ పళ్ళు కొరుక్కుంది. తలగుడ్డ విప్పి పారేసి, "సరే, కానియ్యమను" అంది. టీచరమ్మ బస్సులోంచి పరిగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఇనపక్క ఆమెను నడుం పట్టుకుని ఎత్తి పక్కన పెట్టింది.

కట్టరు మొదటిది భయం భయంగా కొట్టాడు. ఆవిడ మొహం కూడా తిరగలేదు. "వాడు పడ్డాడు. ఆవిడ పడాలి. పడితేనే చెల్లు" అన్నాడు మేస్త్రీ. రెండోది గట్టిగా కొట్టాడు. పెదవి చిట్లింది. మూడోదానికి చెవిలో ఏదో తెగి, యార్డు చప్పుళ్ళన్నీ ఆ పక్కన ఆగిపోయాయి. ఆవిడ నిలబడే ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో అతనికి పిచ్చి పట్టింది. పిడికిలి బిగించి దవడ మీద గుద్దాడు. ఎముక విరగడం ఆవిడకు లోపలినుంచి వినిపించింది. పొట్టలో గుద్దాడు. మళ్ళీ మొహం మీద గుద్దాడు. అతని వేళ్ళ కణుపులు పగిలి నెత్తురు, ఆవిడ నోట్లోంచి నెత్తురు. ఆవిడ మాత్రం పాతేసిన గుంజలా అలాగే ఉంది.

పడడం చేతకాదే ఆ మనిషికి! పుట్టి బుద్ధెరిగాక ఒకడి చేతిలో పడింది లేదు. మోకాళ్ళు వంగమంటే వంగడం లేదు. అప్పుడు ఆవిడకు కట్టరు మొహం కనపడింది. ఏడుపు ఆపుకుంటున్న మొహం అది. తాను నిలబడి తట్టుకున్న దెబ్బలన్నీ ఇవాళ సాయంత్రం ఏ ఇంటికి వెళ్తాయో ఆవిడకు తెలుసు. ఇంకో గుద్దు పడింది. అది పెద్ద గుద్దేం కాదు. దానికి ఇనపక్క మోకాళ్ళు వదిలేసి, పక్కకు ఒరిగి, ఇనుప తుక్కులో మొహం పెట్టి పడిపోయింది.

ముఠా నవ్వింది. కట్టరును చూసి ఎలా నవ్వారో అలాగే నవ్వారు. ఆవిడకు ఒక చెవితోనే వినపడింది, అదే చాలా ఎక్కువైంది.

"చెల్లు" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు కట్టరు పొద్దున్నే పనికి వచ్చాడు. జోడీ దొరికింది, ప్లేటు లేచింది. అతను కూతుర్ని వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అతను వీధి మలుపు తిరగగానే తల్లి గొళ్ళెం తీసి, మిడత చెయ్యి పట్టుకుని, మూసుకుపోయిన కంటితోనే పరీక్ష జరిగే చోటికి తీసుకుపోయింది.

అంతటితో అయిపోతే బాగుండేది. మధ్యాహ్నం తిండి వేళకు ఇనపక్క దవడకు గుడ్డ కట్టుకుని, నోరు తెరవలేక, సమ్మెట మీద ఆనుకుని కూర్చుని ఉంది. తూకం వాడు వచ్చి ముందు నిలబడ్డాడు. "నాదీ ఉంది" అన్నాడు. అతని వెనక బ్యాటరీ వాడు. వాడి వెనక క్లీనరు, ఇంకా చాలామంది. పడుతుందని తెలిశాక అందరికీ పౌరుషం పుట్టుకొచ్చింది మరి! చివర్లో క్రేన్ డ్రైవరు. "నీకు పిల్లలెక్కడున్నార్రా?" అని ఎవరో అడిగితే, "పిల్లలు లేకపోతే ఏం, పళ్ళుండేవి కదా" అన్నాడు.

"ఇళ్ళల్లో తిన్న దెబ్బలకి చెల్లేంటి?" అన్నాడు మేస్త్రీ. ఇనపక్కే రమ్మని చెయ్యి ఊపింది. లేచి నిలబడింది. తూకం వాడు డొక్కలో తన్నాడు. పడింది. లేచింది. బ్యాటరీ వాడు ఆవిడ మెడ పట్టుకుని నీళ్ళ డ్రమ్ము దాకా ఈడ్చి తల ముంచాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఎక్కువసేపు ముంచాడు. టీచరమ్మ వచ్చి వాడి చెయ్యి కొరికితే గానీ వదల్లేదు. వదిలాక ఆవిడ నేల మీద నీళ్ళు కక్కుకుంటూ, మళ్ళీ మోకాళ్ళ మీద లేచింది. క్లీనరు ముందుకొచ్చి, "వేలు చాపు" అన్నాడు. చాపింది.

"మేస్త్రీ తాతా!"

గేటు దగ్గర మిడత నిలబడి ఉంది. వేళ్ళకు సిరా. పక్కన తల్లి. పరీక్ష నుంచి నేరుగా వచ్చారు. పిల్ల ఇనపక్క మొహం చూసింది. చూసి, చూపు తిప్పుకోలేదు.

"తాతా, చెల్లు ముఠాలో వాళ్ళకేనా?"

"యార్డు సరుకు ముట్టిన ప్రతి చేతికీ ఉంటుంది" అన్నాడు మేస్త్రీ.

"రాగి తీగ?"

ముసలాయన తడబడ్డాడు. గడ్డం గోక్కున్నాడు. "తీగ... తీగా యార్డు సరుకే."

"అయితే నేను వొలిచాను. చిన్నప్పట్నుంచీ వొలుస్తున్నా. ఇనపక్క వాళ్ళని కొట్టింది, వాళ్ళు ఇనపక్కని కొట్టేశారు. మమ్మల్ని కొట్టినవి ఎక్కడికి పోయాయి?" పిల్ల వచ్చి తండ్రి ముందు నిలబడింది. "నాన్నా, నాకు చెల్లు కావాలి."

తిండి వేళ దాటిపోయి, కట్టరు అప్పటికే మళ్ళీ ప్లేటు కొస పట్టుకుని ఉన్నాడు. "ఇంటికి పో" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "పో, నీ సంగతి అక్కడ చెప్తా."

రెండో కొస పట్టుకున్న జోడీ, మేస్త్రీ వంక చూశాడు. జోడీ ప్లేటు నెమ్మదిగా నేల మీద దించి, చేతులు దులుపుకుని, పక్కకు తప్పుకున్నాడు.

బస్సులోంచి పిల్లలు ఒక్కొక్కరే దిగి వస్తున్నారు. బుడ్డోడు చెవికి గుడ్డ పీలికతో ముందు నడుస్తున్నాడు. వాళ్ళంతా డబ్బాలు నలగ్గొట్టినవాళ్ళే, బ్యాటరీలు మోసినవాళ్ళే. క్లీనరు ఇనపక్క వేలు వదిలేశాడు. వరసలో ఉన్న తండ్రులు ఒకరి వెనక ఒకరు నక్కబోయారు. క్రేన్ డ్రైవరు ఒక్కడే నింపాదిగా నిలబడ్డాడు, అతనికి పిల్లలు లేరు.

"వంగు నాన్నా. నాకు అందవు" అంది మిడత.

అతను వంగాడు. పిల్ల కొట్టింది. బలం కొద్దీ కొట్టింది. పీల చెయ్యి, ఎంతని తగులుతుంది! అతను కదల్లేదు. ఎవరూ నవ్వలేదు. రెండోసారి కొట్టింది, మూడోసారి కొట్టింది, కొడుతూ కొడుతూ ఏడుపు లంకించుకుంది, ఏడుస్తూనే రెండు చేతులతో మొహం మీద, మెడ మీద, దొరికిన చోటల్లా బాదింది. గోళ్ళకు అతని చెంప చీరుకుపోయింది. ఇనపక్క దవడ విరిగిన నోటితో ఏదో అనబోయింది, మాట రాలేదు. చెయ్యి చాపింది, అందలేదు. తల్లి కదల్లేదు, ఒంటి కంటితో చూస్తూ ఉంది.

కట్టరు కూతుర్ని చూస్తున్నాడు. ఆ చిన్న చేతులు తనను ఎప్పటికీ పడగొట్టలేవు. అది అతనికీ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. అతను మోకాళ్ళు వదిలేశాడు. తుక్కులో వెల్లకిలా పడ్డాడు.

"చెల్లు" అన్నాడు మేస్త్రీ.

మిడత వగరుస్తూ, ముక్కు తుడుచుకుంటూ నిలబడింది. "పరీక్ష బాగా రాశా" అంది.

కట్టరు పడ్డచోటే పడి, కాసేపు ఆకాశం వంక చూశాడు. తర్వాత, "ఏమడిగారే?" అన్నాడు.

మిడత అతని చెయ్యి అందనంత దూరం చూసుకుని, అక్కడ నేల మీద కూర్చుని, ఒక్కో ప్రశ్నా చెప్పడం మొదలుపెట్టింది.